నిలబడి కొంటాం... కూర్చొని తిరుగుతాం!

రైలు టికెట్లు రెండు నెలల ముందే తీసేసుకుంటారు. ఆ మర్నాడే హోటల్ గది. పులిహోర, చెగోడీలు, మందుల డబ్బా సంగతి అమ్మ చూసుకుంటుంది. ఇంత ముందుచూపున్న ఇంట్లో కూడా ప్యాంటు సంగతి మాత్రం బయల్దేరే రోజు పొద్దున్నే గుర్తొస్తుంది. బీరువాలో పైన ఏది కనిపిస్తే అది. చాలాసార్లు అది జీన్సే అవుతుంది. 'గట్టిగా ఉంటుంది, మాసినా కనపడదు' అన్నది దాని మీద అందరికీ ఉన్న నమ్మకం.

గట్టిదే, కాదనేవారు లేరు. జీన్స్ పుట్టిందే గట్టి పని కోసం. బరువుకు జేబులు చిరిగిపోకుండా మూలల్లో రాగి రివెట్లు కొట్టే పద్ధతికి లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నది 1873లో. కూలిపని చేసేవాళ్లకు అది వరమైంది. అయితే ఆ పని నిలబడి చేసేది. ప్రయాణం అలా కాదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ, అక్కణ్నుంచి హరిద్వార్‌కి బస్సు, ఆ తర్వాత కొండదారిలో జీపు. సగం జీవితం సీట్లోనే! ప్యాంటు మాత్రం షాపులో అద్దం ముందు నిలబడి కొంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

కాళ్ల మాట వినాలి

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తప్రసరణ మందగిస్తుంది. పాదాలు వాస్తాయి. నాలుగు గంటలకు మించిన ప్రయాణాల్లో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. అది విమానానికే కాదు, రైలుకీ బస్సుకీ కారుకీ కూడా వర్తిస్తుంది. మామూలు ఆరోగ్యవంతులకు ఈ ముప్పు తక్కువే, సుమారు ఆరువేల మందిలో ఒకరికి. కానీ పెద్దవయసు వాళ్లూ, గర్భిణులూ, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లూ జాగ్రత్తగా ఉండాలి. మధ్యమధ్యలో లేచి నడవడం, బిగుతు దుస్తులు మానడం మంచిది. నడుం దగ్గర, తొడల దగ్గర పట్టేసే ప్యాంటుతో తొడ పక్కన తిమ్మిరెక్కి మంట పుట్టడం కూడా ఉంది. నరం నొక్కుకుపోవడమే కారణం.

నడుం వెనక కాస్త ఎలాస్టిక్, లోపల బొందు ఉన్న ప్యాంటు అయితే భోజనం ముందూ భోజనం తర్వాతా ఒకేలా సుఖంగా ఉంటుంది. విమానాశ్రయం తనిఖీలో బెల్టు విప్పే పనీ తప్పుతుంది. అంచు చీలమండ దగ్గరే ఆగాలి. నేల మీద జీరాడే ప్యాంటుతో రైలు బాత్రూంలోకి వెళ్లినవాళ్లకు ఆ సంగతి విడిగా చెప్పక్కర్లేదు.

తడిస్తే తెలుస్తుంది

గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కి నడకదారి దాదాపు 16 కిలోమీటర్లు. గుడి ఉన్నది 3,500 మీటర్లకు పైన. దారిలో వాన ఎప్పుడైనా రావచ్చు. తడిసిన జీన్స్ కాళ్లకు అతుక్కుపోతుంది, మోకాలు ఎత్తనివ్వదు, ఆ చలిలో ఒంట్లోని వేడిని లాగేస్తుంది. దిట్టమైన జీన్స్ గుడ్డ చదరపు మీటరుకు 400 గ్రాముల పైనే తూగుతుంది. ప్రయాణాల కోసం నేసే పల్చటి నైలాన్ గుడ్డ అందులో సగం కూడా ఉండదు. రాత్రి ఉతికి, తువ్వాల్లో చుట్టి మెలిపెట్టి ఆరేస్తే చాలాసార్లు తెల్లారేసరికి ఆరిపోతుంది. జీన్సుకు ఆ భాగ్యం లేదు.

అలాగని నైలాన్, పాలిస్టర్‌లకు వంక లేకపోలేదు. మన ఎండల్లో పూర్తి పాలిస్టర్ చెమట పీల్చదు, వాసన పట్టేస్తుంది. చలిమంట నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. మైదానంలో ఎండాకాలం తిరుగుళ్లకు పల్చటి నూలు, లేదంటే పాత తరానికి బాగా తెలిసిన టెరికాటన్ లాంటి కలనేత నయం. కొండలకీ వానలకీ, కొంచెం సాగే గుణం ఉన్న నైలాన్ మేలు. రంగంటారా... ఉర్దూలో ఖాకీ అంటే దుమ్ము రంగని అర్థం. దుమ్ముదారికి దుమ్మురంగే తోడు!

జేబుకో లెక్క

తాతయ్యలు డబ్బు రొంటిన దోపుకునేవారు. అమ్మమ్మలకు బొడ్లో చిన్న గుడ్డసంచి ఉండేది. దొంగ చెయ్యి పెడితే మనిషికి తెలిసిపోయే చోటు అది. ఇప్పటివాళ్ల పర్సు మాత్రం వెనక జేబులోంచి సగం బయటికి తొంగిచూస్తుంటుంది. దొంగకి సులువు, నడుముకి బరువు. మందపాటి పర్సు మీద గంటల కొద్దీ కూర్చుంటే తుంటి దగ్గర నరం నొక్కుకుపోయి కాలంతా లాగేస్తుంది. డబ్బు, గుర్తింపు కార్డు ముందు జేబులోకి మారాలి. ఆ జేబుకి జిప్పు ఉండాలి. రెడీమేడ్‌లో దొరక్కపోతే వీధి చివర టైలర్ లోపలివైపు దొంగజేబు కుట్టిపెడతాడు.

ఆడవాళ్ల ప్యాంట్ల సంగతి మరీ అన్యాయం. కొన్నింటికి జేబు ఉన్నట్టు కుట్టుంటుంది, జేబుండదు! ఫలితంగా డబ్బు, ఫోను, టికెట్టు అన్నీ ఒకే హ్యాండ్‌బ్యాగులో. అది పోతే అన్నీ పోయినట్టే. చుడీదార్ కుట్టించేటప్పుడే 'పక్కన లోతుగా జేబు పెట్టండి' అని ఒక్కమాట చెబితే సరి. పైన కుర్తా కప్పేస్తుంది, జేబున్నట్టు ఎవరికీ తెలియదు.

షాపులోనే పరీక్ష

ట్రయల్ రూంలో అద్దం చూసుకోవడం తర్వాత. ముందు గొంతుక్కూర్చోవాలి. కాళ్ల మధ్య కుట్టు పట్టేయకపోతే పాసైనట్టే. అక్కడ పలకలాంటి అదనపు ముక్క వేసి కుట్టింది అయితే ఇంకా మంచిది. మన పైజామాల్లో ఎప్పణ్నుంచో ఉన్న ఏర్పాటే అది. తర్వాత, బస్సు మెట్టెక్కినట్టు ఒక కాలు ఎత్తి స్టూలు మీద పెట్టాలి. జేబులో ఫోను వేసుకుని కుర్చీలో కూర్చోవాలి. ఫోను జారిపోతే ఆ జేబు పనికిరాదు. చివరగా, గుడ్డని గుప్పిట్లో పది లెక్కపెట్టేదాకా నలిపి వదలాలి. ముడతలు అలాగే ఉండిపోతే ఇస్త్రీపెట్టెను కూడా వెంట మోసుకెళ్లాల్సిందే.

ఎన్ని తీసుకెళ్లాలి? ఒంటి మీద ఒకటి, సంచిలో ఒకటి చాలు. కొత్తదైతే బయల్దేరే ముందు ఒకరోజు వేసుకుని ఊళ్లో తిరిగి, ఒకసారి ఉతకాలి. రాసుకుపోయే కుట్టు ఇంట్లోనే బయటపడుతుంది. ఒక పంచె కూడా సర్దుకోవాలి. తిరుమల ఆర్జిత సేవల్లోనూ, గురువాయూర్, తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయాల్లోనూ మగవాళ్లకు ప్యాంటు పనికిరాదు. రోమ్ వెళ్లినా అంతే, సెయింట్ పీటర్స్ చర్చిలోకి మోకాళ్లు కనిపించే నిక్కర్లతో రానివ్వరు.

మంచి ప్రయాణపు ప్యాంటు ఏదంటే... దారి పొడవునా ఒక్కసారి కూడా గుర్తుకురానిది. కాలు కొండనీ, కన్ను గోపురాన్నీ చూసుకుంటాయి. ప్యాంటు తన పని తాను చేసుకుపోతుంది.