నూకలు మనవి, గిన్నె వాళ్లది

వియత్నాం వాళ్లు పొద్దున్నే తాగే ఫో గిన్నెకు ప్రాణం రెండు. ఒకటి, బొక్కలు గంటల తరబడి సన్నసెగ మీద కాగితే దిగిన రసం. రెండోది, బియ్యప్పిండితో చేసిన తెల్లటి మెత్తని దారాలు. ఈ రెండింటికీ కావలసిన సరుకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ కావలసినంత ఉంది. అయినా ఈ మూడు ఊళ్లలో నేను ఎక్కడ అడిగినా ఆ గిన్నె దొరకలేదు. వీలు చిక్కినప్పుడల్లా వెతికాను. అచ్చం అదే కాకపోయినా దానికి దగ్గరి చుట్టం ఒకటి ఎక్కడో ఉండకపోతుందా అని వెతికాను. ఆ చుట్టం దొరికింది. దానికంటే పెద్ద సంగతి ఒకటి కూడా తెలిసింది. అది చెప్పడానికే ఈ వారం శీర్షిక.

సూర్యాపేటలో వియత్నాం సూప్ ఏమిటని అడిగేవాళ్లు తమ వీధిలోనే ఒకసారి విచారించాలి. ఈ ప్రాంతంలో అమెరికాలో పిల్లలు లేని వీధి అరుదు. కూతురి కాన్పుకో, మనవడి పుట్టువెంట్రుకలకో వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చిన అమ్మలు, నాన్నలు ఎందరో. వెళ్లేది డల్లాస్, హ్యూస్టన్, శాన్ హోసె వంటి చోట్లకే. 1975లో సైగాన్ పడిపోయాక దేశం వదిలిన వియత్నాం కుటుంబాలు ఎక్కువగా స్థిరపడినవీ ఆ ఊళ్లే. వియత్నాం బయట వియత్నాం వాళ్లు అత్యధికంగా ఉన్న నగరం శాన్ హోసె. అలా మనవాళ్ల ఇళ్లకు నాలుగడుగుల దూరంలో ఫో హోటళ్లు వెలిశాయి. పిజ్జా ముట్టని పెద్దవాళ్లు, చీజ్ వాసనకు ముఖం తిప్పుకునే పెద్దవాళ్లు ఆ హోటల్లో మాత్రం కుదురుగా కూర్చుని తిన్నారు. శాన్ హోసె వెళ్లి వచ్చిన, కోదాడలో ఉండే మా మేనత్త మాట ఇది: "కోడి రసంల బియ్యపు సేమ్యా ఏసి, మీద కొత్తిమీర చల్లి, నిమ్మబద్ద పక్కన పెట్టిస్తరు బిడ్డా. ఆడ బయట తిన్నవాటిల నా నోటికి పట్టింది అదొక్కటే." ఆమెకు ఇక్కడ ఆ గిన్నె పెట్టించాలని బయలుదేరాను.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి మీద తిండికి కొదవ లేదు. బస్సులు ఆగేది సూర్యాపేట దగ్గర, కార్లు ఆగేది సూర్యాపేట, కోదాడ పొడవునా. ఫ్యామిలీ రెస్టారెంట్లలో మెనూ మొదటి పేజీ అంతా సూపులే ఉంటుంది. మంచౌ, హాట్ అండ్ సోర్, స్వీట్ కార్న్. అడిగి తెప్పించుకున్నవన్నీ దాదాపు ఒక్కటే: మొక్కజొన్న పిండితో చిక్కబరిచిన వేడినీళ్లు, సోయా సాస్, మిరియాల పొడి, పైన వేయించిన మైదా నూడుల్స్ నాలుగు. అందులో బొక్క ఎప్పుడూ కాగలేదని మొదటి చెంచాకే తెలుస్తుంది. సాయంత్రం రోడ్డు పక్కన వెలిగే ఫాస్ట్ ఫుడ్ బండ్ల దగ్గర మైదా నూడుల్స్ వేడివేడిగా, రుచిగానే వేసిస్తారు. ఆ కుర్రాళ్ల చేతివాటం చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది పెనం తిండి, రసం తిండి కాదు.

మరి రసం ఎక్కడ దొరికిందంటే, తెల్లవారకముందే వెలిగే చిన్న హోటళ్లలో. పాయ. మేక కాళ్లను కాల్చి, గీకి, కడిగి, రాత్రి పొయ్యి మీద పెడితే ఫజర్ నమాజు వేళకు జిగురు దిగి పెదవులకు అంటుకునే పులుసు. లారీ డ్రైవర్లు, కూరగాయల మార్కెట్ హమాలీలు, నమాజు చేసుకుని వచ్చే పెద్దమనుషులు, ఒకే బల్ల మీద కూర్చుని రొట్టె ముంచుకు తింటారు. ఎనిమిది దాటితే గిన్నె ఖాళీ. సూర్యాపేటకు మాంసం కొత్త కాదు. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామికి రెండేళ్లకోసారి జరిగే జాతరలో యాదవుల మొక్కులతో గుట్ట చుట్టూ పొయ్యిలు వెలుగుతాయి. బొక్కల పులుసు ఎలా కాగాలో ఈ నేలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

పాయకూ ఫోకూ తేడా మసాలాలో కంటే ఓపికలోని ఒక మెట్టులో ఉంది. వియత్నాం వంటవాడు బొక్కల్ని ముందు ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తాడు. బొక్కల్ని కడిగి మళ్లీ చన్నీళ్లలో వేసి, ఎప్పుడూ తెర్లనివ్వకుండా, పైకి తేలిన నురుగు తీసేస్తూ గంటల తరబడి కాస్తాడు. అల్లం, ఉల్లిగడ్డ నిప్పుల మీద నల్లగా కాల్చి వేస్తాడు. వేయించిన అనాసపువ్వు, దాల్చినచెక్క, నల్ల యాలకులు, లవంగాలు గుడ్డలో మూటగట్టి వేస్తాడు. నూనె తేలదు, కారం పడదు. రసం గిన్నె అడుగు కనబడేంత తేటగా వస్తుంది. ఆ తర్వాత బియ్యపు దారాలు వేడినీళ్లలో ఒక్కసారి ముంచి తీసి గిన్నెలో వేసి, మాంసం పరిచి, పైనుంచి సలసలా కాగే రసం పోస్తాడు. నిమ్మకాయ, పచ్చిమిర్చి, ఆకులు తినేవాడి ఇష్టం.

ఈ వంటకం మరీ పాతది కూడా కాదు. ఫ్రెంచివాళ్ల పాలనలో, 20వ శతాబ్దం మొదట్లో, ఉత్తర వియత్నాంలోని నాం దిన్, హనోయ్ ప్రాంతాల్లో కావడి మోసే వీధి వ్యాపారుల దగ్గర పుట్టింది. మొదట ఎద్దుమాంసంతోనే చేసేవారు. 1930ల చివరికి కోడి ఫో వచ్చింది. మనలో ఎక్కువమంది తినేది అదే. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు దక్షిణానికి వలస వచ్చిన లక్షల మంది దాన్ని సైగాన్‌కు తెచ్చారు. అక్కడ తులసి ఆకులు, మొలకలు చేరాయి. 1975 తర్వాత సముద్రం దాటింది. ఎక్కడికి పోతే అక్కడి మాంసంతో, అక్కడి ఆకులతో బతికింది. సూర్యాపేట మేక బొక్కతో బతకదని ఎవరూ అనలేరు.

అందులో వేసే అనాసపువ్వు సంగతి కూడా చెప్పాలి. మన బిర్యానీ మసాలాలో పడే ఆ ఎనిమిది రేకుల పువ్వు ఇక్కడి పంట కాదు. ఎక్కువభాగం ఉత్తర వియత్నాంలో, చైనా సరిహద్దున ఉన్న లాంగ్ సన్ కొండల నుంచి వస్తుంది. వియత్నాం అనాసపువ్వుకు అతి పెద్ద కొనుగోలుదారు మన దేశమే. మన దుకాణాల్లో దాల్చినచెక్క పేరుతో అమ్మే ముదురు చెక్కలోనూ వాళ్లది చాలా ఉంటుంది. ఫో పరిమళం కోదాడ కిరాణా కొట్టు డబ్బాలో ఎప్పటి నుంచో ఉంది.

ఇక దారాల దగ్గరికి వస్తాను. నా వెతుకులాట నన్ను హోటళ్ల నుంచి మిల్లులకు తీసుకెళ్లింది ఇక్కడే.

1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ రూపమే మారిపోయింది. ఇవాళ ఆ పట్టణం చుట్టూ వందకు పైగా మిల్లులున్నాయి. కోతల కాలంలో వడ్ల ట్రాక్టర్లు మైళ్ల పొడవున నిలబడతాయి. ఇంత బియ్యం ఆడే చోట నూకలు కూడా ఆ లెక్కనే వస్తాయి. ముఖ్యంగా యాసంగిలో. ఏప్రిల్, మే ఎండలకు వడ్లలో తేమ ఒక్కసారిగా పడిపోయి గింజ లోపల పగుళ్లు వస్తాయి. వాటిని పచ్చి బియ్యంగా ఆడిస్తే గింజ విరుగుతుంది. ముందే ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తే పగులు అతుక్కుంటుంది. అందుకే ఇక్కడి మిల్లులు ఏళ్ల తరబడి ఉప్పుడు బియ్యం మీద ఆధారపడ్డాయి. కేంద్రం ఆ ఉప్పుడు బియ్యం ఇక వద్దన్నాక 2022 వసంతంలో ఏం జరిగిందో ఈ జిల్లాల రైతులకు నేను గుర్తు చేయాల్సిన పని లేదు. నూకలు తినడం జనానికి అలవాటు చేయమని కేంద్రమంత్రి అన్నారంటూ రాష్ట్ర మంత్రులు మండిపడ్డారు. ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. మర్నాడు మంత్రివర్గం కూర్చుని వడ్లన్నీ రాష్ట్రమే కొంటుందని తేల్చింది.

నూకలు తినమన్న ఆ మాటకు జనం ఎందుకు నొచ్చుకున్నారో నాకు బాగా అర్థమవుతుంది. నూకల జావ తాగి పెరిగిన తరం ఇంకా బతికే ఉంది. దొరల ఇళ్లలో బియ్యం, పాలేర్ల ఇళ్లలో నూకలు ఉన్న రోజులు వాళ్లకు తెలుసు. కానీ ఆ గొడవ అంతటిలో ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. నూకలు కొనేది ఎవరు, కొని ఏం చేస్తున్నారు?

కొనేవాళ్లలో వియత్నాం ఉంది. ప్రపంచంలో బియ్యం ఎగుమతి చేసే మొదటి మూడు దేశాల్లో ఒకటైన వియత్నాం, దశాబ్దాల తర్వాత 2021 మొదట్లో మన దేశం నుంచి బియ్యం కొన్నది. కొన్నది నూకలు. జనవరి, ఫిబ్రవరి నెలలకే 70,000 టన్నులకు ఒప్పందాలు కుదిరాయి. ధర టన్నుకు 310 డాలర్ల దగ్గర. వాళ్ల మంచి బియ్యాన్ని ఎక్కువ ధరకు బయట అమ్ముకుని, మన చవక నూకల్ని పశువుల దాణాకు, బీరుకు, బియ్యపు దారాల తయారీకి వాడుకున్నారు. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించింది. 2025 మార్చిలో ఆ నిషేధం ఎత్తేసింది. శాన్ హోసెలో మా మేనత్త తిన్న గిన్నెలో ఏ దేశపు బియ్యం ఉందో నేను చెప్పలేను. భారతదేశపు నూక వియత్నాం వెళ్లి దారమైందన్నది మాత్రం నిజం. మన దగ్గర మిగిలిన నూక కోళ్ల దాణాకు, ఇథనాల్ ఫ్యాక్టరీకి పోతోంది. మన పిల్లలు తినే నూడుల్స్ మైదాతో చేసినవి.

బియ్యపు దారాల తయారీ రాకెట్ విద్య కాదు. నూకల్ని కడిగి, నానబెట్టి, నీళ్లతో మెత్తగా రుబ్బుతారు. కాగే నీళ్ల బాన మీద బిగించిన గుడ్డపై ఆ పిండిని పలుచగా పరిచి మూత పెడతారు. నిమిషంలో ఆత్రేయపురం పూతరేకు కంటే కాస్త మందంగా, తడిగా, సాగే పొర వస్తుంది. దాన్ని పుల్లతో ఎత్తి ఆరబెట్టి సన్నగా కోస్తారు. దీనికి కావలసింది వండితే ముద్దకాకుండా పొడిపొడిగా ఉండే బియ్యం. మన కాలువ కింద పండేవి చాలావరకు ఆ తీరువే. సకినాలు చుట్టే చేతులకు, ఇంటింటా మురుకులు ఒత్తే చేతులకు బియ్యప్పిండి లొంగుతుంది. తమిళులకు ఇడియాప్పం ఉంది. వాళ్ల దగ్గర తయారైన బియ్యపు సేమియా పొట్లాలు మన దుకాణాల దాకా వచ్చాయి. మిర్యాలగూడలో ఆ పొట్లం తయారు కాకపోవడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించలేదు.

ఇప్పుడు ఇది మరింత అవసరం. 2025 ఉగాదికి ముఖ్యమంత్రి హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు. ఆ ఊరు సూర్యాపేట జిల్లాలోనిదే. పేదింట్లో సన్నబియ్యం ఉడకడం నేను మనసారా ఆహ్వానించే సంగతి. అదే సమయంలో దొడ్డు రకాలకు ఊళ్లో గిరాకీ పడిపోతోంది. పథకం మొదలైన మర్నాడే, మార్చి 31న, కాకినాడ రేవు నుంచి 12,500 టన్నుల ఎంటీయూ 1010 అనే దొడ్డు రకం బియ్యం ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. ఓడలో బియ్యంగా పంపడం ఒక దారి. పొట్లంలో సరుకుగా మార్చి అమ్మడం ఇంకో దారి. రెండో దారిలో కూలీ, లాభం ఇక్కడే మిగులుతాయి.

ఒక మిల్లు గుమాస్తాతో ఇదంతా చెప్తే ఆయన శ్రద్ధగా విని, "చేయొచ్చు సార్, కొనేటోడు కావాలె" అన్నాడు. సరైన మాట. కొనేవాడు ముందు హోటల్లో పుట్టాలి. హోటల్ వాళ్లను అడిగితే మనవాళ్లు తింటారా అని సందేహం. పాయ తినేవాళ్లు, బండి మీద నూడుల్స్ తినేవాళ్లు ఒకే ఊళ్లో ఉన్నారు. ఆ రెంటినీ ఒక గిన్నెలో కలిపితే తినరని ఎందుకు అనుకోవాలి? పేరు ఫో అని పెట్టమనడం లేదు. చేపల సాస్ తెప్పించమనడం లేదు. ఉప్పు చాలు. నాటుకోడి బొక్కలు, కాల్చిన అల్లం, అనాసపువ్వు, మన నూకల దారాలు, కొత్తిమీర, పుదీనా, నిమ్మబద్ద. మొక్కజొన్న పిండి మాత్రం వద్దు.

మిర్యాలగూడ మిల్లర్ల సంఘానికి నా విన్నపం ఒక్కటే: ఒక్క మిల్లులో, ఒక్క షెడ్డులో ఆవిరి యంత్రం పెట్టి చూడండి. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఆ పని అప్పగించండి. సూర్యాపేట, కోదాడ హోటల్ యజమానులు తెల్లవారుజామున పాయ గిన్నె పక్కన రెండో గిన్నె ఒకటి పెట్టండి. పాఠకుల్లో ఎవరైనా ఇప్పటికే ఈ పని మొదలుపెట్టి ఉంటే పత్రిక చిరునామాకు ఉత్తరం రాయండి, మా మేనత్తను వెంటబెట్టుకుని వస్తాను.