ఉచిత విద్యుత్తు సరే, లో వోల్టేజి బిల్లు ఎవరిది?

వ్యవసాయ విద్యుత్తుపై చర్చ ఎప్పుడూ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది: రోజుకు ఎన్ని గంటలు ఇస్తున్నారు? బోర్లకు మీటర్లు పెడతారా? పంపుసెట్టు దాకా వచ్చేసరికి వోల్టేజి ఎంత ఉంటోందన్న మూడో ప్రశ్న మాత్రం పొలం దాటి బయటకు రాదు. కాలిపోయే మోటార్లకూ డిస్కంల నష్టాలకూ ఉన్న లంకె అక్కడే ఉంది.

అది తెలుసుకోవడానికి పదో తరగతి భౌతికశాస్త్రం చాలు. ట్రాన్స్‌ఫార్మర్‌ నుంచి వెళ్లే ఒక ఎల్‌టీ లైను చివర 5 హెచ్‌పీ మోటార్లు పది ఉన్నాయనుకుందాం. 415 వోల్టులు సరిగా అందితే ఒక్కో మోటారు సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే ఒక్కో ఫేజు తీగలో 80 ఆంపియర్లు. తీగ నిరోధం అర ఓమ్ అయితే దారిలోనే 40 వోల్టులు పోతాయి. 240 ఉండాల్సిన ఫేజు వోల్టేజి 200కు, 415 ఉండాల్సింది సుమారు 346కు పడిపోతుంది. తక్కువ వోల్టేజి లైన్లలో తేడా 6 శాతం మించకూడదని 1956 నాటి విద్యుత్ నిబంధనలే చెప్పాయి. ఇక్కడ తగ్గింది దాదాపు 17 శాతం.

వోల్టేజి తగ్గినా తోడాల్సిన నీటి భారం పెద్దగా తగ్గదు. అందుకని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. 8 ఆంపియర్లు దాదాపు 9.6 అవుతాయి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 20 శాతం అదనపు కరెంటుకు వైండింగులో వేడి 44 శాతం పెరుగుతుంది. పెరిగిన కరెంటు వోల్టేజిని ఇంకా పడదోస్తుంది. వైండింగు కాలితే రీవైండింగ్ ఖర్చు రైతుదే.

ఇక లైను సంగతి. 80 ఆంపియర్ల దగ్గరే మూడు తీగల్లో కలిపి 9.6 కిలోవాట్లు వేడిగా పోతాయి. ఇది రెండు మోటార్లు నడిచేంత విద్యుత్తు. రోజుకు 9 గంటల చొప్పున 86 యూనిట్లు. మీటర్లు లేని చోట వ్యవసాయ వినియోగాన్ని అంచనాతోనే కడతారు. దాంతో దారిలో పోయిన యూనిట్లు, చౌర్యంలో పోయినవి కూడా రైతు ఖాతాలో కలిసిపోయే వీలుంది. ఆ ఖాతాకే ప్రభుత్వం సబ్సిడీ కడుతుంది.

దీనికి పరిష్కారం కొత్తదేమీ కాదు. 11 కేవీ లైనునే పొలాల దాకా తీసుకెళ్లి, రెండు మూడు మోటార్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ పెట్టడమే హెచ్‌వీడీఎస్. వోల్టేజి 26 రెట్లు పెరిగితే అదే విద్యుత్తుకు కరెంటు 26వ వంతు చాలు. అదే తీగలో నష్టం దాదాపు 700వ వంతుకు దిగుతుంది. కొక్కేలు తగిలించడమూ కష్టమే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ పనులు జరిగాయి. అయితే ఖర్చు ఎక్కువ. మోటారు ఆగినా ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌ కొంత విద్యుత్తు తింటూనే ఉంటుంది.

మీటరు లేకుండా సరఫరా చేయరాదని 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ అంటోంది. బోరుకు మీటరు పెడితే ఉచితం పోతుందని రైతుల భయం. ముందు ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెట్టి, లైను చివర వోల్టేజిని కూడా నమోదు చేసి ప్రకటిస్తే ఆ భయం అడ్డురాదు. ఎన్ని గంటలు ఇచ్చామన్నదే కాదు, ఎన్ని వోల్టులు అందాయన్నది కూడా డిస్కంలు చెప్పాలి. 346 వోల్టులతో 9 గంటలు ఇచ్చి హామీ నెరవేరిందంటే, మోటారు కాలిన రైతు ఎలా నమ్ముతాడు?