మన్యం దారుల్లో మోటు టైర్ల మోజు - ఖర్చుకు తగ్గ ఫలమెంత?

పాడేరు: చలి ముదిరిందంటే మన్యానికి కార్ల తాకిడి మొదలవుతుంది. వంజంగి మేఘాలకు, లంబసింగి పొగమంచుకు, అరకు తోటలకు వచ్చేవారిలో చాలామంది ఇప్పుడు క్రాస్‌ఓవర్ కార్లలో వస్తున్నారు. ఎత్తు చూస్తే జీపు, లోపల చూస్తే కారు. వీటికి 'ఆల్ టెరైన్' అనే మోటు గళ్ల టైర్లు వేయించడం ఈమధ్య మోజుగా మారింది. అప్పుచేసి కారు కొని యాత్రికులను తిప్పుతున్న మన ఊళ్ల యువకులు కూడా వేయించాలా, వద్దా అని తర్జనభర్జన పడుతున్నారు. నాలుగు టైర్లంటే ముప్పై, నలభై వేల రూపాయల మాట మరి.

మట్టిదారిలో కారు ఆగిపోవడానికి చాలాసార్లు టైరు కారణం కాదు. మన దేశంలో అమ్ముడయ్యే క్రాస్‌ఓవర్లలో అత్యధికం ముందు చక్రాల లాగుడుతోనే నడుస్తాయి. నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. లాగవలసిన ముందు చక్రాలు తేలికై ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. వెనుక ముగ్గురు కూర్చుని, డిక్కీ నిండా సామాను ఉంటే ఇక చెప్పనక్కర లేదు. నాలుగు చక్రాలూ లాగే జీపు మామూలు టైర్లతో ఎక్కే దిబ్బను ఈ కారు మోటు టైర్లతో సైతం ఎక్కలేకపోవచ్చు.

అలాగని ఈ టైర్లు వట్టి అలంకారం కాదు. గులకరాళ్ల మీద, గట్టి మట్టి మీద మంచి పట్టు ఇస్తాయి. రాయి కోతకు మామూలు టైరు కంటే బాగా తట్టుకుంటాయి. కాని జిగట బురదలో గళ్లు నిండిపోతే వీటికీ పట్టు పోతుంది. తడిసిన తారురోడ్డు మీద బ్రేకు వేస్తే మంచి రోడ్డు టైరు ఆగినంత దగ్గరలో ఇవి ఆగకపోవచ్చు. బరువు ఎక్కువ గనుక పెట్రోలు కూడా కొంత ఎక్కువ తాగుతాయి. విశాఖ నుంచి వచ్చే కారు దాదాపు దారి పొడవునా తారు మీదే నడుస్తుంది. మట్టిదారి చివరి నాలుగైదు కిలోమీటర్లే. ఆ కాస్త దూరం కోసం ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకు పట్టు తగ్గించుకోవడం తెలివైన బేరం కాదు. రోజూ రాళ్లదారిలో తిప్పే బాడుగ కారుకైతే మరీ మోటువి కాకుండా మధ్యరకం గళ్లవి వేయించవచ్చు.

వేయిస్తే నాలుగూ ఒకే రకం వేయించాలి. ఖర్చు కలిసొస్తుందని ముందు రెండే మారిస్తే తడి మలుపులో వెనుక భాగం జారే ప్రమాదముంది. పెద్ద సైజు మోజూ మంచిది కాదు. 215/60 ఆర్ 16 ఉన్నచోట 215/65 ఆర్ 16 వేస్తే కారు లేచేది ఒక సెంటీమీటరే. మీటరు 60 చూపినప్పుడు కారు దాదాపు 62లో పోతుంటుంది. సైజు పక్కనుండే బరువు అంకె కూడా చూడాలి. 96 అంటే టైరు 710 కిలోలు మోస్తుంది, 92 అయితే 630 మాత్రమే. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తగ్గరాదు. తయారైన తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. గళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టం ఒప్పుకోదు. ఘాట్ ఎక్కేవారు అంతదాకా ఆగకుండా మార్చడమే మేలు.

ధర విషయంలో ఒక ఊరట ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను గాక 8,000 రూపాయల టైరుకు 800 రూపాయలు మిగలాలి, నాలుగింటికి 3,200. బిల్లు అడగనివారికి ఆ తగ్గింపు దక్కుతుందో లేదో చెప్పలేం.

అసలు దృష్టి పెట్టవలసింది స్టెప్నీ మీద. గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చరు సామగ్రి ఉన్న ట్యూబులేని టైర్ల కార్లకు స్టెప్నీ అక్కరలేదని 2020లో కేంద్రం నిబంధన సవరించింది. పట్నంలో అది చెల్లుతుంది. ఇక్కడ రాయి తగిలి టైరు పక్క చీలితే ఆ సామగ్రి ఎందుకూ కొరగాదు. సెల్‌ఫోను సిగ్నలు లేనిచోట రాత్రంతా కూర్చోవలసిందే.

కూర్చునేది కారులోని వారొక్కరే కాదు. ఒంటిదారిలో కారు అడ్డం పడితే వెనుక వచ్చే అంబులెన్సు ఆగుతుంది, సంతకు పోయే ఆటో ఆగుతుంది. 'ఆల్ టెరైన్ టైర్లున్నాయి, ఎక్కేస్తుంది' అన్న ధీమాతో వచ్చే వాహనాలతోనే ఈ భయం. కొండ మొదట్లోనే కార్లు నిలిపి, పైకి స్థానికుల జీపుల్లో పంపే ఏర్పాటు పంచాయతీలు చేస్తే దారీ సాగుతుంది, మన కుర్రాళ్లకు నాలుగు డబ్బులూ వస్తాయి. ఆ ఏర్పాటు అయ్యేలోగా మట్టిదారి దిగే ముందు స్టెప్నీలో గాలి ఉందో లేదో చూడమని యాత్రికులకు చెప్పడానికి మలుపు దగ్గర ఒక బోర్డు చాలు.