ఫంక్షన్ల చార్జి ఎవరి చేతికి?

మేము చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో వచ్చింది. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మన సభ్యుల పట్టిక ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఉంది. ఎవరి చందా ఎంత బాకీ, చదువు సాయానికి ఏ బిడ్డ పేరు ముందు రావాలి అనే లెక్కలు వేసేది దానిలో మన పిలకాయలు రాసిపెట్టిన ఫంక్షన్లు. రాసిన అబ్బాయి వచ్చే నెల విదేశం పోతున్నాడు. ఫంక్షన్లు ఎన్ని, వాటి పేర్లేమి అంటే కమిటీలో జవాబు లేదు.

పోకముందు జాబితా తీయించాలని మేము అంటే, అబ్బాయిని అనుమానించినట్టు అవుతుందని కొందరు నొచ్చుకున్నారు. రైల్వేలో గుమాస్తా బదిలీ అయితే రిజిస్టర్లు, తాళాలు, టికెట్ల స్టాకు లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెడతారు. అది పోయేవాడికే కాపు. రేపు లెక్క తప్పితే వాడి పేరు చెడకుండా ఉంటుంది.

పని పెద్దది కూడా కాదు. పీఎస్‌క్యూఎల్ తెరిచి బ్యాక్‌స్లాష్, డి, ఎఫ్ కొట్టి ఎంటర్ నొక్కితే చాలు. స్కీమా, పేరు, ఇచ్చే ఫలితం, తీసుకొనే విలువలు వరుసగా వస్తాయి. పోస్ట్‌గ్రెస్ సొంత ఫంక్షన్లు వేలలో ఉన్నా వాటిని చూపదు, మనవాళ్ళు రాసినవే చూపుతుంది. ఒకే పేరు రెండుసార్లు కనబడితే కంగారు వద్దు. తీసుకొనే విలువలు వేరైతే అవి వేరు ఫంక్షన్లే, ఊళ్ళో ఇద్దరు వెంకటేశులను ఇంటిపేరుతో గుర్తుపట్టినట్టు.

అయితే ఒక చిక్కు. ఆ ఆజ్ఞ సెర్చ్ పాత్‌లో ఉన్న స్కీమాలనే వెతుకుతుంది. వేరే స్కీమాలో దాచింది రాదు. జాబితా ఖాళీగా వచ్చిందని ఏమీ లేవనుకోరాదు. బ్యాక్‌స్లాష్ డిఎన్‌తో స్కీమాల పేర్లు చూసి, డిఎఫ్ పక్కన ఒక్కో స్కీమా పేరు, చుక్క, నక్షత్రం పెట్టి మళ్ళీ అడగాలి. ఫలితం గడిలో ట్రిగ్గర్ అని ఉన్నవాటిని మొదట చూడమని మా మాట. వాటిని ఎవరూ పిలవక్కరలేదు, పట్టికలో వరుస మారగానే వాటంతట అవే నడుస్తాయి. చందా కట్టినా బాకీ చూపుతోందని ఎవరైనా అడిగితే వెతకాల్సిన చోటు అది.

జాబితా పేర్లే చెబుతుంది, ఏది వాడుకలో ఉందో చెప్పదు. లోపలి రాత చూడాలంటే బ్యాక్‌స్లాష్ ఎస్ఎఫ్, పక్కన ఫంక్షన్ పేరు. ఒక్కోదానికి 'కామెంట్ ఆన్ ఫంక్షన్'తో రెండు ముక్కల వివరణ పెట్టిస్తే డిఎఫ్ పక్కన ప్లస్ గుర్తు వేసినప్పుడు అదీ వస్తుంది. డేటాబేసు యూటీఎఫ్-8లో ఉంటే ఆ వివరణ తెలుగులోనే రాయొచ్చు. విడిగా కాగితం రాసిస్తామంటే మాకు ఒప్పుదల లేదు. కాగితం బీరువాలో పాతబడుతుంది, వివరణ ఫంక్షన్ వెంటే ఉంటుంది.

ఈ ఆదివారం మీటింగులో అబ్బాయి పక్కన ఇంకొక పిల్లనో పిలగాణ్ణో కూర్చోబెట్టి ఈ జాబితా తీయించండి. ప్రింటు మీద ఇద్దరి సంతకం, తేదీ ఉండాలి. కార్యదర్శి అన్నగారు ఒప్పుకుంటే అప్పగింత పుస్తకం మేము తెస్తాము.