ఏడాదికి అరవై పుస్తకాలు చదివిన వారికి

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే చాలు, చదువరుల లోకంలో అంకెల జాతర మొదలవుతుంది. "ఈ ఏడు 60 పూర్తి." "నావి 84." "వందకు రెండు తగ్గాయి, వచ్చే ఏడు దాటేస్తా." ఫోనులో ముఖచిత్రాలన్నీ వరసగా పేర్చిన బొమ్మ, దాని కింద అభినందనల వాన. ఆ అరవైలో ఏ ఒక్క పుస్తకం గురించైనా నాలుగు వాక్యాలు రాయమనండి, కలం కదలదు. అంకె అబద్ధమని నేననను. నిజమే అయ్యుంటుంది. చదివామన్న మాటే అబద్ధం.

మా నెల్లూరు జిల్లా విడవలూరు నుంచి సముద్రం వైపు పోతుంటే ముందు వరి మళ్లు, తర్వాత రొయ్యల గుంటలు. గట్టు మీది షెడ్డులో, మేత బస్తాల పక్కన ఒక నోటు పుస్తకం ఉంటుంది. నీళ్ల మరకలతో అట్ట ఉబ్బిపోయి ఉంటుంది. లోపల తేదీ, పొద్దున ఎన్ని కిలోల మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్ల రంగేమిటి, పీహెచ్ ఎంత, ఉప్పదనం ఎంత, ఏ మందు చల్లారు. ట్రేలో మేత మిగిలిందంటే రొయ్య సరిగా తినలేదని అర్థం. ఎందుకు తినలేదో తేలేదాకా ఆ రైతుకు నిద్ర పట్టదు. వేసిన మేత ఎంతన్నది సగం లెక్కే. లోపలికి పోయిందెంతన్నదే అసలు లెక్క. ఇక పట్టుబడి రోజున కొనేవాడు అడిగే మొదటి మాట, "కౌంటెంత?" కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనేది. 100 కౌంటంటే చిన్నవి. 30 కౌంటంటే దిట్టంగా పెరిగినవి. ధర పలికేది 30 కౌంటుకే. అంకె తగ్గేకొద్దీ సరుకు విలువ పెరుగుతుందన్న ఇంగితం మా గుంటల రైతులందరికీ ఉంది. ఏడాదికి వంద చదివానని ఛాతీ విరిచే పట్నం చదువరికి లేదు.

చదివినవి రాసుకోవద్దని నేను చెప్పడం లేదు. రాసుకుని తీరాలి. చార్లెస్ డార్విన్ 1838 నుంచి 1860 దాకా చదివినవి ఒక వైపు, చదవాల్సినవి ఒక వైపు నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. కొన్నింటి పక్కన, పైపైన తిరగేశానని కూడా రాసుకున్నాడు. ఆ మాట నేటి పట్టికల్లో ఎక్కడైనా కనిపిస్తుందా? తిరగేసినదీ చదివినదే, విన్నదీ చదివినదే, సగంలో వదిలేసినదీ చదివినదే! డార్విన్ పట్టిక ఊరికి చూపించడానికి రాసుకున్నది కాదు, పని కోసం రాసుకున్నది. ఆ ఏళ్ల మధ్యలోనే, 1859లో, జాతుల పుట్టుక మీద ఆయన పుస్తకం వచ్చింది.

ఇంకా దగ్గరి మాట చెప్తాను. లాహోరు జైల్లో భగత్ సింగ్ చేతికి 1929 సెప్టెంబరులో ఒక నోటు పుస్తకం వచ్చింది. 404 పేజీలది. 1931 మార్చి 23న ఉరి తీసేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. అంత కొద్ది వ్యవధి ముందున్నవాడు, ఎన్ని చదివానో లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు. చదివిన పుస్తకాల్లోంచి తనకు పనికొచ్చే మాటలు ఎత్తి రాసుకున్నాడు. రాజ్యమంటే ఏమిటి, శిక్ష ఎందుకు, ఆస్తి ఎవరిది, స్వేచ్ఛ ఎవరికి? కవితలు రాసుకున్నాడు, గణాంకాలు రాసుకున్నాడు. మృత్యువు గుమ్మంలో నిలబడి చదివినవాడి పద్ధతి అది. తీరిగ్గా సోఫాలో చదివే మనకు మాత్రం అంకె చాలట!

ఈ విడవలూరు మండలంలోనే అలగానిపాడు ఉంది. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య 1913 మే 1న పుట్టిన ఊరు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతున్న కుర్రాడు 1930లో చదువు వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి దూకాడు, జైలుకెళ్లాడు, తిరిగొచ్చి సొంత ఊళ్లో వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. పేరు చివర కులాన్ని తీసేసుకున్నాడు. ఇవన్నీ చదువు చేసిన పనులే. ఆయన తెలంగాణ పోరాటం మీద రాసి, 1972లో వెలువరించిన పుస్తకం తెరవండి. ఊళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు, ఏ దళం ఎక్కడ, ఏ పొరపాటు ఎందుకు. కళ్లతో చూసినదాన్ని, చదివినదాన్ని కాగితం మీద పెట్టి నిగ్గు తేల్చే అలవాటు లేనివాడు రాయగల పుస్తకం కాదది. ఆయన జయంతి రోజున దండలు వేసే వేదికల మీద, "ఈయన ఏం చదివాడు, ఎలా చదివాడు?" అని ఒక్క పిల్లవాడికైనా చెప్తున్నామా? ఆయన పార్లమెంటుకు తొక్కుకుంటూ వెళ్లిన సైకిల్ గురించి చెప్తాం. సైకిల్ గురించి చెప్పడం తేలిక.

అంకె పిచ్చి పెద్దవాళ్లతో ఆగితే నేనింత మండిపడేవాణ్ణి కాదు. అది బడిలోకి వచ్చేసింది. మా వైపే ఒక బడిలో, పఠనోత్సవం పేరిట జరిగిన కార్యక్రమానికి నన్ను పిలిచారు. ఎనిమిదో తరగతి పాప తన పట్టిక తెచ్చి చూపించింది. స్కేలు పెట్టి గీసిన గళ్లు. క్రమసంఖ్య, పుస్తకం పేరు, రచయిత, పేజీలు, టీచరు సంతకం. 41 వరసలు. చివరి గడి దాకా సంతకాలున్నాయి.

"ఇందులో నీకు బాగా నచ్చిందేది పాపా?" అన్నాను.

"అన్నీ బాగున్నాయి సార్."

"ఒక్కటి చెప్పు."

ఆ పిల్ల నా మొహం చూడలేదు, పక్కనున్న టీచరమ్మ మొహం చూసింది. ఆమె ఇంకెవరితోనో మాట్లాడుతోందని రూఢి చేసుకుని గొంతు తగ్గించి చెప్పింది. "ఒకమ్మి కోడిపిల్లని గంపకింద దాచిపెట్టుద్ది సార్. పండక్కి కోసేస్తారని. వాళ్ల నాయన కనిపెట్టేస్తాడు. కానీ కొయ్యడు."

"ఎందుకు కొయ్యడు?"

"అదే నాకూ తెలీలా. రెండుసార్లు చదివినా."

రెండుసార్లు చదివింది! ఎందుకో తేల్చుకోలేక రెండోసారి చదివింది! ఆ పట్టికలో ఉన్న 41 వరసల్లో నిజంగా చదివిన వరస అదొక్కటే కావచ్చు. ఆ పిల్ల అడిగిన ప్రశ్న రాసుకోవడానికి మాత్రం గడి గీయలేదు. రెండోసారి చదివినదానికి లెక్కే లేదు. ఆ సాయంత్రం బహుమతి ఎవరికిచ్చారో మీకు చెప్పక్కర్లేదు, పెద్ద అంకెకిచ్చారు. చదవడమంటే గళ్లు నింపడమని, నచ్చిందేదో చెప్పాలంటే ముందు పెద్దవాళ్ల మొహం చూడాలని పిల్లలకు మనమే నేర్పుతున్నాం. ఇది నేరం. మెత్తని మాట నాకు దొరకడం లేదు.

"అంకె పెట్టుకుంటేనే కొత్తవాళ్లకు అలవాటవుతుంది కదా" అని నాతో వాదించేవారున్నారు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ అంకె ఊరుకోదు, ఏం చదవాలో అదే ఎంచి పెడుతుంది. ఆ లెక్కలో చలం మైదానమూ ఒకటే, విశ్వనాథ వేయిపడగలూ ఒకటే. లెక్క నిండాలంటే ఏది తీస్తారు? డిసెంబరు రాగానే సన్న పుస్తకాలు వెతుక్కునేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. తిక్కన మన నెల్లూరివాడని సభల్లో చెప్పుకుంటాం. మహాభారతంలో ఆయన రాసిన పదిహేను పర్వాల్లో ఒక్క ఉద్యోగపర్వం నిదానంగా చదివి, రాయబారంలో ఎవరు ఎక్కడ ఎందుకు గొంతు మార్చారో గమనించి రాసుకుంటే వేసవి అంతా పడుతుంది. అది ఏడాది పట్టికలో ఒక గీత. ఆ ఒక్క గీతకు సిద్ధపడే కుర్రవాడు ఈ పోటీలో ఆఖరివాడవుతాడు. శ్రీశ్రీ మహాప్రస్థానం ఇరవయ్యేళ్లుగా చదువుతున్నవాడికి ఏ ఏట ఎన్ని మార్కులు వేస్తారు?

ఈ లెక్క ఎవరికి లాభమో కూడా చూడండి. చదివిన పుస్తకాలు నమోదు చేసుకునే వెబ్‌సైటు గుడ్‌రీడ్స్ 2011లో ఏడాది చదువు సవాలు మొదలుపెట్టింది. 2013లో ఆ సంస్థను అమెజాన్ కొనేసింది. పుస్తకాలు అమ్మే కంపెనీ చేతిలోనే పుస్తకాలు లెక్కపెట్టే యంత్రం ఉంది. మీరు ఒకే పుస్తకం పట్టుకుని మూడు నెలలు కూర్చుంటే దానికేం లాభం? అరవై కొంటేనే లాభం. ఆ లాభానికి మనం ప్రతిజ్ఞలు చేసి మరీ కాపలా కాస్తున్నాం.

మన ఇళ్లలో ఆడవాళ్లు చదివిన చదువును ఎవరైనా లెక్కపెట్టారా? వారపత్రికలో వచ్చే సీరియల్ కోసం వారం పొడుగునా ఎదురుచూసి, చదివి, ఆ కాగితాలు జాగ్రత్తగా చించి, వరస తప్పకుండా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసిన తల్లులు ఎంతమంది! యద్దనపూడి, మాదిరెడ్డి, రంగనాయకమ్మ అలా ఎన్ని ఇళ్లలో దారంతో కుట్టబడి ఉన్నారో! ఒక వారం భాగం దొరక్కపోతే ఆ చోట తెల్లకాగితం పెట్టి, పక్కింటావిడ చెప్పిన కథ నాలుగు ముక్కల్లో రాసిన బైండు నేను చేత్తో పట్టుకున్నాను. కథ తెగకూడదని! చదివినదాన్ని భద్రపరుచుకోవడమంటే అది. వాళ్లను "సీరియళ్లు చదివే ఆడవాళ్లు" అని చులకన చేసిన మేధావులు ఇవాళ ముఖచిత్రాల బొమ్మలు పెట్టుకుని మురిసిపోతున్నారు.

ఇంకో చదువు సంగతి. ఇదీ మన జిల్లాదే. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రిబడుల్లో, పగలంతా కూలికిపోయి వచ్చిన ఆడవాళ్లు లాంతరు చుట్టూ కూర్చుని కూడబలుక్కుని చదివారు. వాచకంలో సీతమ్మ కథ ఉంది. సారా మీద తిరగబడిన ఆడవాళ్ల కథ. పుస్తకం కూడా కాదు, ఒక్క పాఠం. దూబగుంటలో ఆ పాఠం మీద మాటలు సాగాయి. మన ఊళ్లోనూ ఇదే కదా, మన మొగుళ్ల కూలీ డబ్బులూ ఇట్టాగే పోతున్నాయి కదా అనుకున్నారు. లేచారు. సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినబడింది. ఊరూరా ఆడవాళ్లు సారా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. తర్వాత 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది, ఆ సిగ్గు పాలకులది. కానీ ఏడాది పట్టికలో ఆ ఆడవాళ్లు చదివిందెంత? సున్న. పుస్తకం పూర్తి కాలేదు కాబట్టి సున్న! ఈ సున్న ముందు నిలబడి మీ అరవై సంగతి చెప్పండి.

ఇక గ్రంథాలయాల మాట. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది, అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు దానికి జీవితం ధారపోశారు. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు పంపాడు. రంగనాథన్ 1931లో గ్రంథాలయ సూత్రాలు రాస్తూ ఒక్కొక్క చదువరి గురించి, ఒక్కొక్క పుస్తకం గురించి మాట్లాడాడు, గుంపు గురించి కాదు. ఇవాళ మనం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. శాఖా గ్రంథాలయంలోకి అడుగుపెట్టగానే సంతకాల రిజిస్టరు. పేరు, ఊరు, సంతకం. రోజు చివర కూడిక. నెల చివర నివేదిక. వచ్చినవాళ్లు పోటీ పరీక్షల గైడు చదివారో, పేపరు తిరగేశారో, ఫ్యాను కింద కునుకు తీశారో, అందరూ పాఠకులే. అద్దాల బీరువాలోని పుస్తకం తీసి వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూడండి. ఎన్ని పుస్తకాలకు ఆ చీటీ మీద ముద్ర పడి ఏళ్లయింది! ముద్రలున్న పుస్తకం దొరికినా, తీసుకెళ్లినవాడు ఏమనుకున్నాడో చెప్పే చోటు ఆ భవనంలో ఎక్కడా లేదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. గుమ్మం దగ్గరి సంతకాల రిజిస్టరు పక్కన రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్ ఒకటి పెట్టండి, దారం కట్టిన పెన్నుతో. పుస్తకం తిరిగిచ్చేవాళ్లు అందులో రాయాలి. ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగారు, ఏ పేజీ మళ్లీ చదివారు, రచయితతో ఎక్కడ పేచీ వచ్చింది, ఈ పుస్తకం ఊళ్లో ఇంకెవరు చదివితే బాగుంటుంది. సగంలో వదిలేసిన పుస్తకం గురించీ రాయాలి, అది మరీ ముఖ్యం. తప్పుల్లేకుండా రాయనక్కర్లేదు. బడుల్లో ఆ గళ్ల పట్టికలు రేపే చించేయండి. ఏడాదికి మూడు పుస్తకాలు చదివి మూడు పేజీలు సొంతంగా రాసిన పిల్లకు బహుమతి ఇవ్వండి.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి. వేదిక మీద ఎవరో ఒకరు లేచి ఈ ఏడాది పాఠకుల సంఖ్య ఇంత అని చదువుతారు, చప్పట్లు కొట్టమంటారు. కొట్టకండి. లేచి నిలబడి అడగండి: ఏం చదివారు? ఒక్కరు చదివిన ఒక్క పుస్తకం గురించి చెప్పండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి. మైకు తీసేసుకుంటే మైకు లేకుండానే అడగండి, వారం ఆఖరి రోజు 20వ తేదీన మళ్లీ వెళ్లి అడగండి.