మూలం మన చేతికి వచ్చినప్పుడే నుడి హక్కు

బెంగళూరు చిక్కపేట సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు కొత్త చోటు కాదు. 1537లో కెంపేగౌడ నెలకొల్పిన పాత పేటలో దొడ్డపేట, చిక్కపేట వీధులు కలిసే కూడలి చుట్టూనే ఆ నగరపు వర్తకం పెరిగింది. హోసూరు, కృష్ణగిరి, కోలారు, హిందూపురం, మదనపల్లె వైపులనుంచి పెళ్లిబట్టలకు అక్కడికి వెళ్లేవారు ధర్మవరం చీరను ఈనాటికీ తెలుగులో బేరమాడి కొనుక్కోగలుగుతున్నారు. అంగడివారి ఇంటినుడి ఏదైనా, కొనేవారి నుడిలో బదులు చెప్పడం ఆ పేట నేర్చిన మర్యాద.

చిక్కపేటనుంచి నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఎస్.పి. రోడ్డు ఉంది. కంప్యూటర్లకూ వాటి విడిభాగాలకూ దక్షిణాదిలో పేరుపడిన అంగళ్ల వీధి అది. పిల్లల చదువుకోసం కొత్తదో పాతదో ఒక కంప్యూటరు కొనడానికి మనవారు అక్కడికీ వెళతారు. అక్కడా బేరం తెలుగులో సాగవచ్చు. కానీ పెట్టె ఇంటికి చేరి, పిల్లవాడు ప్రోగ్రాము రాయడానికి కూర్చున్న క్షణంనుంచి తెలుగు ఆగిపోతుంది. చీరల వీధిలో చెల్లిన నుడి కంప్యూటరు ముందు ఎందుకు చెల్లకుండా పోతున్నది? యంత్రానికి తెలుగు రాదు గనుక అని మనలో చాలామంది నమ్ముతున్నారు. ఈ నమ్మకం నిజం కాదు. ఇది మనకు మనమే వేసుకున్న సంకెల.

యంత్రానికి ఇంగ్లీషు కూడా రాదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. అక్షరాలను అంకెలుగా మార్చే యూనికోడ్ పట్టికలో 1991నుంచీ తెలుగుకు చోటు ఉంది. నేడు బళ్లలోనూ కొలువుల్లోనూ విరివిగా వాడుతున్న పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషనే చూడండి. దానిని 1991లో లోకానికి అందించిన గైడో వాన్ రోసమ్ నెదర్లాండ్సుకు చెందిన డచ్చి భాషీయుడు. 2008లో వెలువడిన పైథాన్ మూడవ తరంనుంచి ప్రోగ్రాములో మనం పెట్టుకునే పేర్లను తెలుగు లిపిలోనే రాయవచ్చు. 'ధర', 'బరువు', 'మొత్తం' అని రాసి గుణించమంటే అది గుణిస్తుంది. '౧౨' అని తెలుగు అంకెల్లో ఇచ్చిన మాటను సంఖ్యగా మార్చమంటే పన్నెండుగా మారుస్తుంది. ఇంగ్లీషులో తప్పనిసరిగా రాయవలసిన ఆజ్ఞాపదాలు ఆ భాషలో 35 మాత్రమే. ముప్పయి అయిదు మాటలు నేర్వడం ఏ పల్లెబిడ్డకూ భారం కాదు. భారమైనది వాటిని వివరించే పాఠమంతా, తప్పు జరిగినప్పుడు యంత్రం చెప్పే వాక్యమంతా రాని భాషలో ఉండడం.

ఇక్కడే మూలసంకేతం, అంటే సోర్సు కోడు, మన ఉద్యమానికి ముఖ్యమైన సంగతి అవుతుంది. అంగట్లో దొరికే చాలా సాఫ్ట్‌వేర్లు మూతవేసిన పెట్టెల వంటివి. లోపల ఏముందో చూడరాదు, మార్చరాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ పూనికనుంచి పెరిగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం దీనిని ఎదిరించింది. చదివే హక్కు, మార్చే హక్కు, మార్చినదానిని పంచే హక్కు వాడుకరికి ఉండాలన్నది. పైథాన్ లైసెన్సు ఈ హక్కులను అందరికీ ఇస్తున్నది. ఇందుకు ఎవరికీ అర్జీ పెట్టనక్కరలేదు. ఏ ప్రభుత్వపు ఉత్తరువుకోసమూ ఎదురుచూడనక్కరలేదు.

అయితే కాగితంమీది హక్కును వాడుకోవడం తెలియాలి. మూలంనుంచి భాషను కట్టుకోవడం మనం భయపడేంత కష్టం కాదు. లినక్స్ ఉన్న కంప్యూటరులో సి భాషను యంత్రభాషగా మార్చే జీసీసీ వంటి కంపైలరూ, 'మేక్' అనే పనిముట్టూ ఉండాలి. పైథాన్ మూలసంకేతపు మూటను దించుకుని విప్పాలి. మొదట 'కాన్ఫిగర్' నడిపితే, ఆ యంత్రంలో ఏవి ఉన్నాయో ఏవి లేవో వెదకి పనికి జాబితా సిద్ధం చేస్తుంది. తరువాత 'మేక్' అంటే వందలాది ఫైళ్లను ఒక్కొక్కటిగా కూర్చి భాషను తయారుచేస్తుంది. చివర 'మేక్ ఇన్‌స్టాల్' అనకుండా 'మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్' అనడం మేలు. అప్పుడు యంత్రంలో ముందునుంచీ ఉన్న పైథాన్ చెక్కుచెదరదు. కాన్ఫిగర్ చేసేటప్పుడే 'ప్రిఫిక్స్' అన్నచోట సొంత ఫోల్డరు పేరు ఇస్తే, బడి కంప్యూటరులో సైతం ఎవరి అనుమతీ లేకుండా తన వాటాలోనే స్థాపించుకోవచ్చు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, జడ్‌లిబ్ వంటి అనుబంధాల హెడర్ ఫైళ్లు లేకపోతే కొన్ని భాగాలు తయారుకావు. ఏవి కాలేదో చివర అదే చెబుతుంది. వాటిని తెచ్చిపెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

తయారుచేసినది ఊరికే దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఒక్క ఉదాహరణ చాలు. పైథాన్‌లో ఒక సంఖ్యను సున్నాతో భాగిస్తే ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వస్తుంది. ఆ వాక్యం ఆకాశంనుంచి ఊడిపడదు. మూలసంకేతంలో పూర్ణాంకాల లెక్కలు చూసే 'లాంగ్‌ఆబ్జెక్ట్' అనే ఫైలులో అది మామూలు మాటలుగా రాసి ఉంటుంది. అక్కడ 'సున్నాతో భాగించరాదు' అని తెలుగులో రాసి, మళ్లీ 'మేక్' చేయిస్తే, యంత్రం ఆ బిడ్డతో తెలుగులో మాట్లాడుతుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఈ పని ఒకసారి తన చేత్తో చేసి చూస్తే, తన నుడికి యంత్రంలో చోటులేదన్న మాటను ఇక జన్మలో నమ్మదు.

కొరతలు లేవని కాదు. 'తెలుగు' అన్న మాటలో మన కంటికి మూడు అక్షరాలు. పైథాన్‌ను అడిగితే ఆరు అంటుంది, గుణింతపు గుర్తులను విడిగా లెక్కిస్తుంది గనుక. 'రాజ్‌కుమార్' అన్నప్పుడు పొల్లును తరువాతి హల్లుతో కలవకుండా నిలిపే కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తు ఉన్న పేరును పైథాన్ అంగీకరించదు, తప్పు అంటుంది. ఇటువంటి ఇబ్బందులు తెలుగు రాసేవారికే తెలుస్తాయి. వాటిని లెక్కలతో, రుజువులతో ఎత్తిచూపవలసినవారమూ మనమే. మూలం చదవగలిగినవారి మాటకే అక్కడ విలువ ఉంటుంది.

ఇరుగుపొరుగు నుడులవారు ముందే మేలుకున్నారు. కన్నడంలో గణక పరిషత్తు 'నుడి' లిపి సాఫ్ట్‌వేరును తెచ్చింది. తమిళ పిల్లలకోసం ముత్తు అన్నామలై 'ఎళిల్' అనే ప్రోగ్రామింగ్ భాషనే రూపొందించి, మూలసంకేతంతోసహా అందరికీ ఇచ్చారు. తెలుగులోనూ 'స్వేచ్ఛ' సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులో తెచ్చింది. పైథాన్ పత్రాలను జపాను, కొరియా, ఫ్రెంచి నుడుల ఉత్సాహవంతులు తమకు తామే అనువదించుకున్నారు. ఎవరి నుడికి వారు పనిచేసుకోవడం మరొకరికి ఎదురు నిలవడం కాదు. మనం కన్నడాన్నీ తమిళాన్నీ గౌరవిస్తూనే మన ఇంటినుడిని నిలుపుకోవాలి.

సరిహద్దు బిడ్డకు ఈ అవసరం మరింత ఎక్కువ. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956నుంచీ చెబుతున్నది. అయినా తమిళనాడులో 2006నాటి చట్టం తరువాత, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు పిల్లలకు మొదటి భాషగా తెలుగు చదివే వీలు తరగతి తరగతికీ తగ్గుతూ వచ్చింది. బడిలో హక్కుకోసం మన పోరాటం సాగవలసిందే. తీర్పులకూ ఉత్తరువులకూ ఏళ్లు పడతాయి. ఆలోగా బిడ్డలు పెద్దవారవుతారు. ఏ చట్టమూ అడ్డురాని ఈ చోట మనం ఇప్పుడే అడుగుపెట్టవచ్చు.

కొలువులకు ఇంగ్లీషు కావాలి గదా అన్న మాట నిజమే. మేము ఇంగ్లీషు వద్దనడం లేదు. తెలిసిన నుడిలో ఆలోచన కుదిరినవాడు తెలియని నుడిని తరువాత తేలికగా పట్టుకుంటాడు. అర్థంకాని నుడిలో బట్టీపట్టినవాడికి రెండూ దక్కవు.

సరిహద్దు తాలూకాల్లోని తెలుగు సంఘాలు ఉగాదికి సన్మానాలతో సరిపెట్టుకోరాదు. ఎస్.పి. రోడ్డులో దొరికే పాత కంప్యూటరు ఒకటి తెచ్చి, దానిలో లినక్స్ వేసి, వారానికొకసారి పదిమంది పిల్లలను కూర్చోబెట్టాలి. మూలంనుంచి పైథాన్‌ను కట్టే పద్ధతిని తెలుగులో రాసి వారి చేతికివ్వాలి. హెచ్చరికల వాక్యాలను పిల్లలచేతనే తెలుగు చేయించాలి. మన నగరాల్లో కంప్యూటరు కొలువులు చేస్తున్న తెలుగు యువత నెలకొక ఆదివారం తమ ఊరికి వచ్చి నేర్పాలి. చదువుకున్న బిడ్డలను కన్న ప్రతి ఇల్లూ ఈ పనికి పూనుకోవాలి.