పుట్టినరోజు పండుగ - పాత వీడియో ఆటలు

పిల్లల పుట్టినరోజు ఎవరి కోసం జరుగుతున్నదని ప్రశ్నించుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. మన రావులపాలెంలోనే చూడండి. ఫ్లెక్సీలు, బెలూన్ల తోరణాలు, అద్దె అలంకరణ, మైకుసెట్టు - ఇవి పెద్దల గౌరవానికి సంబంధించిన విషయాలైపోయినవి. పొరుగింటివారి కంటె ఒక మెట్టు పైన ఉండాలన్న పంతంతో అప్పు చేసేవారినీ మనం ఎరుగుదుము. పండుగ ఎవరిదో ఆ పిల్లవాడు మాత్రం కొత్త బట్టలు నలగకుండా ఫొటోలకు నిలబడటమే. ఇప్పుడు పాత వీడియో ఆటల అలంకరణ సైతం పెట్టె కట్టి అమ్మే సరుకైనది. వేడుక మంచిదే, దానిని కొనడమే మాకు సమ్మతం కాదు.

ఆ ఆటలు పుట్టినదే లేమిలో. మేరియో బొమ్మకు మీసం ఎందుకు వచ్చింది? 1981లో ఆ బొమ్మకు లభించిన కొద్దిపాటి గడులలో నోరు గీయడానికి చోటు చాలక మియమోతో మీసం పెట్టినాడు. జుట్టు గీసే బాధ తప్పించుకోవడానికి టోపీ పెట్టినాడు. 1985లో వచ్చిన సూపర్ మేరియో బ్రదర్స్ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు ఫోనుతో తీసే ఒక్క ఫొటోకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుకే అందులో ఆకాశంలోని మబ్బూ, నేల మీది పొదా ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరు. ఇంత పొదుపుగా పుట్టిన ఆటకు అప్పు తెచ్చి అలంకరణ చేయడం వింత కాదా?

కనుక గళ్ళ కాగితం తీసుకొని అడ్డంగా 12, నిలువుగా 16 గడులు లెక్కపెట్టి పిల్లల చేత రంగులు వేయించండి. జాకార్డు మగ్గానికి అంచు బొమ్మ గీసే నేతగాడు చేసే పని ఇదే. ఒక అట్టముక్కను మబ్బుగా కత్తిరించి, అదే కొలతతో మరొకటి కోసి ఆకుపచ్చ పూస్తే పొద సిద్ధం. మేరియో దూరే ఆకుపచ్చ గొట్టాలకు వెతకనక్కరలేదు. అరటి మార్కెట్టుకు పేరుపడిన ఊరు మనది. గెల కోసిన తోటలో అడిగితే బోదెలు ఊరికే ఇస్తారు. అరటి రసం మరక వదలదు గనుక ఆ రోజు పిల్లలకు పాతబట్టలే తొడగవలసి ఉంటుంది. అదీ మంచికే.

అన్నిటికంటె మన పెరటికి సరిపోయేది 1980 నాటి పాక్‌మాన్. జపానులో ఇవతాని రూపొందించిన ఆ ఆటలో దారుల నిండా చుక్కలు, వాటిని మింగుతూ పోయే ఒక గుండ్రని నోరు, వెంట తరిమే నాలుగు దయ్యాలు. చుక్కలు పెట్టి గీతలు కలపడం మన ఆడపిల్లలకు ఎవరు నేర్పాలి! ముగ్గుపిండితో దారులు గీసి, చుక్కలకు బదులు 240 చింతపిక్కలు పరచి, నాలుగు మూలలా నాలుగు లడ్డూలు ఉంచండి. ఎరుపు, గులాబి, లేతనీలం, నారింజ తువాళ్ళు కట్టుకున్న నలుగురు దయ్యాలు. గీతల నడుమ దారి తప్పరాదు. లడ్డూ చేజిక్కినప్పుడు పది లెక్కపెట్టే వరకు దయ్యాలే పారిపోవాలి. ఆ లడ్డూ తినవచ్చునా అన్నది పిల్లలే తేల్చుకోగలరు.

అగ్గిపెట్టెలు నాలుగేసి అతికిస్తే 1984లో మాస్కోలో పుట్టిన టెట్రిస్ ముక్కలు ఏడు రకాలూ తయారవుతవి. వరుసకు 11 చొప్పున ఐదు వరుసలు కాగితపు గ్లాసులు పేర్చి గుడ్డబంతితో కొట్టిస్తే 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్.

ఈ ఆటలన్నీ ఫోనులోనే దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకని కొందరు అనవచ్చును. ఫోను ఒకటే, ఒకడు ఆడుతుంటే తొమ్మిదిమంది చూడవలసిందే. పెరట్లో అందరూ పరుగెత్తవచ్చు. మరొక మాట: బహుమతి కొనలేక గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగే పిల్లవాడు ప్రతి వీధిలోనూ ఉంటాడు. అట్టపెట్టె ఒకటి తెస్తే చాలునని పిలుపులోనే చెప్పితే వాడూ వస్తాడు. వాడు తెచ్చిన పెట్టె గోడలో ఒక ఇటుక అవుతుంది.

ఈ పని తల్లిదండ్రుల మీదకు నెట్టవద్దని విద్యార్థి మిత్రులకు మా మనవి. ఇంట్లో ఆ పిల్లలకు అన్నలూ అక్కలూ మీరే. గళ్ళ కాగితం మీద గీయడం మీకు వచ్చు. ప్రయోగశాలలలో ఒకవైపే వాడి పారవేసే గ్రాఫు కాగితాలను, ఏడాది చివర మిగిలే అట్టపెట్టెలను ఒక మూల భద్రపరచి, అడిగినవారికి ఇప్పించవలసిందిగా కళాశాల సంఘం వారిని కోరుతున్నాము.